ఒక్క చెట్టు కూడా కొట్టకుండా, ఉన్న బీడులోనే ఇంకొన్ని గొడ్లు

గొడ్లు పెరిగాయి, గడ్డి చాలట్లేదు అనగానే మనకి ముందు కనపడేది పక్కనున్న చెట్లూ పొదలే. అవి కొట్టేసి, కాల్చేసి, నాలుగు గింజలు చల్లేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. మొదట్లో గడ్డి బాగానే లేస్తుంది కూడా, కాలిన బూడిద ఎరువులా పనిచేస్తుంది కాబట్టి. కానీ కొన్నేళ్లకి ఆ బలం వానకి కొట్టుకుపోతుంది, భాస్వరం తగ్గుతుంది, గడ్డి పలచబడి కలుపు పైకి లేస్తుంది, అప్పుడు ఇంకో ముక్క మీద కన్ను పడుతుంది. అదే మేపుడు పద్ధతితో వెళ్తే కొత్త భూమి కూడా పాత భూమి అయిపోవడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే కొడవలి గొడ్డలి పక్కన పెట్టి, ఉన్న బీడులో ఎంత గడ్డి ఊరికే పోతోందో ముందు చూద్దాం అంటాను నేను. చాలా ఎక్కువే పోతుంటుంది.

ఒకసారి మీ బీడులోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చోండి. నించుని చూస్తే తెలియదు, కూర్చునే చూడాలి. ఒక దుబ్బు మొదలుకంటా కొరికేసి ఉంటుంది, చేత్తో లాగితే వేరుతో సహా ఊడొచ్చేంత బలహీనంగా ఉంటుంది. దాని పక్కనే జానెడు దూరంలో ఇంకో దుబ్బు ముదిరిపోయి, కాడలు తేలి, వెన్ను వేసి, ఎవరూ ముట్టకుండా నిలబడి ఉంటుంది. రెండూ ఒకే రకం గడ్డి, ఒకే నేల, ఒకే వాన. తేడా ఎక్కడొచ్చిందంటే గొడ్డుకి లేత చిగురంటే ఇష్టం, నిన్న కొరికిన దుబ్బే నాలుగు రోజుల్లో మళ్లీ చిగురేస్తుంది, గొడ్డు ముదురు గడ్డిని దాటుకుంటూ పోయి మళ్లీ ఆ చిగురునే కొరుకుతుంది. అలా ఒకే బీడులో ఒక దుబ్బుని చంపేదాకా మేపుతున్నాం, ఇంకోదాన్ని మేపకుండా పాడుచేస్తున్నాం. మా మందని ఏళ్ల తరబడి గేటు తీసి పెద్ద బీడులోకి వదిలేసేవాళ్లం, గడ్డి చాలట్లేదని అనుకుంటూనే ఉన్నాం, ఇలా కూర్చుని చూసిన రోజు దాకా సంగతి అర్థం కాలేదు నాకు.

గడ్డి తన తిండి ఆకుతోనే వండుకుంటుంది. ఆకంతా కొరికేస్తే మళ్లీ చిగురెయ్యడానికి మొదట్లోనూ వేర్లలోనూ దాచుకున్నది ఖర్చుపెట్టుకోవాలి, ఈలోపు వేరు పెరగడం ఆగిపోతుంది. అమెరికాలో క్రైడర్ అనే ఆయన దీన్ని కొలిచి 1955లో లెక్కలు ఇచ్చాడు. గడ్డిలో సగం దాకా తీసేస్తే వేర్ల పెరుగుదల దాదాపు ఆగలేదు, 60 శాతం తీస్తే వేర్లలో సగం వరకు ఆగిపోయాయి, 80 శాతం తీసేస్తే అసలు ఏ వేరూ పెరగకుండా కొన్ని రోజులు అలా ఉండిపోయింది. అంటే సగానికీ ముప్పాతికకీ మధ్యే అసలు గొడవంతా ఉంది. సగం తిననిచ్చి సగం వదిలెయ్యమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

దాదాపు అదే రోజుల్లో ఫ్రాన్స్‌లో ఆంద్రే వాజాఁ అనే రైతు, చదువుకున్న మనిషి కూడా, 1957లో ఒక సంగతి స్పష్టంగా చెప్పాడు. గడ్డికి రెండు మేపుళ్ల మధ్య కోలుకునేంత విరామం ఇవ్వాలి, మేపేటప్పుడు మాత్రం అదే దుబ్బుని అదే విడతలో రెండోసారి కొరకనంత తక్కువ రోజులే గొడ్లని ఆ ముక్కలో ఉంచాలి. ఇక్కడ నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ముందు గడ్డి కొలవండి, గొడ్ల సంఖ్య సంగతి తర్వాత. ఒక మీటరు పొడుగు ఒక మీటరు వెడల్పు ఉండేలా కర్రలతో చదరం చేసుకోండి. బీడులో బాగున్న చోట, మధ్యరకంగా ఉన్న చోట, పలచగా ఉన్న చోట మొత్తం ఎనిమిది పది చోట్ల వేసి, గొడ్లు బయటకి వచ్చేటప్పుడు ఎంత ఎత్తు మొదలు వదలాలనుకుంటున్నారో దానికి పైన ఉన్నదంతా కోసి తూచండి. అందులో కొంచెం తీసి పూర్తిగా ఎండబెట్టి మళ్లీ తూస్తే ఎండు బరువు ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకి చదరపు మీటరుకి కిలో పచ్చిగడ్డి వచ్చింది, ఎండితే 200 గ్రాములు తేలింది అనుకుందాం. ఎకరం అంటే సుమారు 4000 చదరపు మీటర్లు, అంటే 800 కిలోల ఎండు మేత. తొక్కుడుకీ పేడ కింద పడిపోయిందానికీ పోను 60 శాతం నోట్లోకి వెళ్తుందనుకుంటే 480 కిలోలు. గొడ్డు రోజుకి తన బరువులో 2.5 శాతం దాకా ఎండు మేత తింటుంది, పాలిచ్చేవి ఇంకొంచెం ఎక్కువే తింటాయి. 400 కిలోల గొడ్డుకి 10 కిలోలు, అలాంటివి 20 ఉంటే రోజుకి 200 కిలోలు. అంటే ఆ ఎకరం వాటికి రెండు రోజుల మేత, ఇంకో పూట కూడా లాగొచ్చు, అంతే. ఈ లెక్క నెలకోసారి వేసుకుంటూ పోతే ఆరు నెలలకి మీ కన్నే తక్కెడ అయిపోతుంది, కోయకుండానే చూసి చెప్పేస్తారు.

ఇక ముక్కలు. ఎన్ని మడులు కావాలి అన్నదానికి లెక్క సులువే, గడ్డికి కావల్సిన విరామం రోజుల్ని ఒక్కో మడిలో ఉంచే రోజులతో భాగించి ఒకటి కలపండి. 30 రోజుల విరామం, 2 రోజుల మేపుడు అంటే 15, దానికి ఒకటి కలిపితే 16 మడులు. ఒకేసారి 16 కట్టేయమని చెప్పట్లేదు. ఉన్న బీడుని నాలుగు చేసినా తేడా కనపడుతుంది, ఎనిమిది చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది, ఆపైన పెద్ద మడుల్లో ఒక తీగ అడ్డంగా లాగి జరుపుకుంటూ పోవచ్చు. మడులు విస్తీర్ణంలో సమానంగా ఉండక్కర్లేదు, గడ్డిలో సమానంగా ఉండాలి, మిట్ట మీద పలచటి గడ్డి ఉన్న మడి పెద్దది, పల్లంలో ఒత్తుగా ఉన్నది చిన్నది. మందలన్నీ కలిపి ఒకటే మంద చెయ్యండి, ఇది చాలామంది చెయ్యరు, మూడు మందలు మూడు మూలల మేస్తే విరామం దొరికే మడే ఉండదు.

కంచెకి కరెంటు తీగంత చవకైనది లేదు, అలవాటైన పెద్ద గొడ్లకి ఒక్క తీగ నడుమెత్తున ఉంటే చాలు, దూడలుంటే కింద ఇంకోటి. కానీ ఒక్క సంగతి గట్టిగా చెప్తాను, కంచె కోసం అని తయారుచేసిన ఎనర్జైజర్ మాత్రమే వాడండి, అది క్షణంలో చిన్న భాగం పాటు దెబ్బ కొట్టి ఆగుతుంది, ఇంటి కరెంటు నేరుగా తీగకి కలపడం అంటే మనిషినో గొడ్డునో చంపడమే. కంచె కొట్టట్లేదు అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఎర్తింగే. రెండు మీటర్ల ఇనప కడ్డీలు మూడు, ఒకదానికొకటి మూడు మీటర్ల దూరంలో తడి ఉండే చోట దిగ్గొట్టండి, తీగకి గడ్డి తగలకుండా చూడండి, టెస్టర్ పెట్టి కంచె చివర 3000 వోల్టుల పైన ఉందో లేదో చూసుకోండి. కొత్త గొడ్లని ముందు గట్టి కంచె ఉన్న చిన్న ఆవరణలో లోపల ఒక కరెంటు తీగ కట్టి రెండు రోజులు ఉంచితే ముక్కుతో ఒకసారి తాకి నేర్చేసుకుంటాయి, నేర్పకుండా బీడులోకి తోలితే బెదిరి తీగ తెంపుకుని పోతాయి.

నీళ్లు కంచె కన్నా ముఖ్యం అంటే అతిశయం కాదు. నీళ్లు దూరమైతే గొడ్లు నీళ్ల దగ్గరే పొద్దంతా గడిపేస్తాయి, అక్కడి గడ్డి నేలకంటుతుంది, దూరపు మూల గడ్డి ముదురుతుంది, పేడంతా కూడా అక్కడే పోగవుతుంది. ఏ గొడ్డూ 250 మీటర్లకి మించి నడవక్కర్లేకుండా చూడండి. ప్లాస్టిక్ పైపు నేల మీద పరిచి, తేలికపాటి తొట్టి ఒకటి మడి మడికీ మార్చుకున్నా చాలు. ఎండలో 400 కిలోల గొడ్డు 40, 50 లీటర్లు తాగేస్తుంది, పాలిచ్చేది ఇంకా చాలా తాగుతుంది. నీళ్లు దగ్గరగా ఉంటే ఒక్కొక్కటిగా వచ్చి తాగిపోతాయి, దూరమైతే మందంతా ఒక్కసారే వచ్చి మీద పడుతుంది, అప్పుడు తొట్టి పెద్దది కావాలి.

ఎప్పుడు తోలాలి, ఎప్పుడు తియ్యాలి అన్నది క్యాలెండర్ చూసి కాదు, ఎత్తు చూసి. పైన ఆకులు కింద ఆకులకి నీడ పెట్టడం మొదలెట్టి, కాడ సాగబోయే ముందు తోలాలి. మరండు రకం బ్రాకియేరియా గడ్డి అయితే 25, 30 సెంటీమీటర్లు లేచాక తోలి 15 దగ్గర తీసెయ్యండి. మొంబాసా లాంటి ఎత్తు గినీ గడ్డి అయితే 90 దగ్గర తోలి 40, 45 దగ్గర తియ్యండి. చల్లటి చోట్ల రైగ్రాస్ అయితే 20 దగ్గర తోలి 5 దగ్గర తీసేస్తారు. కర్రకి గీతలు గీసుకుని మడి అంతా తిరుగుతూ పెట్టి చూసుకోవచ్చు. వానల్లో 25 రోజులకే లేచే గడ్డి ఎండల్లో 60 రోజులకీ లేవదు, అప్పుడు మడులు తొందరగా మార్చేస్తే మళ్లీ మొదటి మడి దగ్గరకొచ్చేసరికి గడ్డి ఉండదు. ఇది అందరూ చేసే తప్పు. గడ్డి తగ్గిందని భయపడి గొడ్లని గబగబా తిప్పేస్తారు, తిప్పేకొద్దీ విరామం తగ్గి ఇంకా తగ్గుతుంది. గడ్డి జోరుగా పెరిగేటప్పుడు జోరుగా తిప్పండి, ఎక్కువైపోయిన మడులు వదిలేసి కోసి దాచండి. నెమ్మదించినప్పుడు నెమ్మదిగా తిప్పుతూ దాచింది పెట్టండి.

ఇలా మేపితే ఇంకో లాభం పేడ. గొడ్డు తిన్నదాంట్లోని నత్రజని, భాస్వరం, పొటాష్‌లో చాలా భాగం పేడలోనూ మూత్రంలోనూ తిరిగి నేలకే వస్తుంది, కానీ విచ్చలవిడిగా వదిలిన బీడులో ఆ బలమంతా చెట్టు కిందా తొట్టి దగ్గరా పోగుపడుతుంది. చిన్న మడిలో మందంతా ఉంటే పేడకళ్లు మడంతా పరుచుకుంటాయి. వారం నాటి పేడకడి ఒకటి కర్రతో తిప్పి చూడండి, కింద నేల గుల్లగా, నల్లటి పేడపురుగులు దిగిన కన్నాలతో ఉంటే మీ నేల బాగున్నట్టే. అట్టలా ఎండి అలాగే పడి ఉంటే ఆలోచించాలి. నట్టల మందుల్లో కొన్ని, ఐవర్‌మెక్టిన్ లాంటివి, పేడలోంచి బయటకొచ్చి ఈ పురుగు పిల్లల్ని చంపుతాయి, అందుకని పేడ పరీక్ష చేయించి అవసరమైన వాటికే పశువైద్యుడు చెప్పిన ప్రకారం వెయ్యండి. నట్టల పిల్లలు ఎక్కువగా గడ్డి మొదట్లో 5 సెంటీమీటర్ల లోపే ఉంటాయి, గుడ్డు నుంచి అంటుకునే దశకి రావడానికి వెచ్చటి తడిలో సుమారు వారం పడుతుంది, కాబట్టి మూడు నాలుగు రోజుల్లో మడి మార్చి, మొదలు వదిలేసి మేపితే నట్టల బెడద కూడా తగ్గుతుంది.

ఏడాది గడిచాక నేల పరీక్ష చేయించండి, అప్పటిదాకా ఎరువులకి డబ్బు పెట్టొద్దు, మేపుడు సరి చేయకుండా వేసే ఎరువు కలుపుకే బలం. ఆమ్లత్వం ఎక్కువై పీహెచ్ 5.5 కన్నా తగ్గితే సున్నం వెయ్యాలి, లేకపోతే అల్యూమినియం కరిగి వేర్లని తినేస్తుంది. భాస్వరం తక్కువుంటే పప్పుజాతి మేతలు నిలబడవు. ఆ పప్పుజాతి మేతల గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నత్రజనిని గాలిలోంచి తెచ్చి గడ్డికి ఊరికే ఇచ్చేవి అవే, గొడ్డుకి మాంసకృత్తులు కూడా వాటిలోనే. వేడి ప్రాంతాల్లో స్టైలో, సిరాట్రో, డెస్మాంథస్, చల్లటి చోట్ల తెల్ల క్లోవర్. ఉన్న గడ్డిని తవ్వి పారెయ్యక్కర్లేదు, వానలకి ముందు ఒక మడిని బాగా దిగువకి మేపి (ఇందుకోసం మాత్రం సగం సూత్రం ఒకసారి పక్కన పెట్టొచ్చు), నేల పైపైన గీరి, రైజోబియం (నత్రజనిని పట్టే బ్యాక్టీరియా) పట్టించిన గింజ సెంటీమీటరు లోతు దాటకుండా వేస్తే మొలుస్తుంది, మొలిచాక దానికి నీడ పడకుండా గడ్డిని అప్పుడప్పుడు తేలిగ్గా మేపాలి. క్లోవర్, లూసర్న్ ఎక్కువున్న మడిలోకి ఆకలితో ఉన్న గొడ్లని, అందులోనూ మంచు తడి మీద, అస్సలు తోలొద్దు, కడుపుబ్బరంతో గంటల్లో పోతాయి. ముందు ఎండు గడ్డి పెట్టి తోలండి. స్టైలో, డెస్మాంథస్‌తో ఆ భయం లేదు.

చెట్టు మేతల్లో సుబాబుల్ గొప్పది, వరసల మధ్య గడ్డి వదిలి నాటితే అదే ఎకరంలో రెండు అంతస్తుల మేత. కానీ దాని ఆకులో మైమోసిన్ అనే విషం ఉంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన గొడ్లకి వెంట్రుకలు రాలి, బరువు తగ్గి, గొంతు గ్రంథి వాచేది, హవాయిలో మేకలు మాత్రం అదే ఆకు తిని బాగుండేవి. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆ మేకల పొట్టలోని సూక్ష్మజీవులే విషాన్ని విరిచేస్తున్నాయని కనిపెట్టి, వాటిని తెచ్చి ఆస్ట్రేలియా గొడ్లకి పట్టించాడు, తర్వాత ఆ బ్యాక్టీరియాకి ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. మీ గొడ్లలో అవి ఉన్నాయో లేదో తెలియనప్పుడు మొత్తం మేతలో సుబాబుల్ 30 శాతం దాటనివ్వకండి. వాగుల పక్కన నాటకండి, గింజ కొట్టుకుపోయి ఎక్కడపడితే అక్కడ అడివిలా లేస్తుంది. ఉన్న చెట్లని మాత్రం బీడులో ఉంచెయ్యండి, ఎండ ఎక్కువైతే గొడ్డు మేత మానేసి నించుంటుంది, నీడ ఉంటే ఆ గంటలు నెమరు వేసుకుంటూ గడుపుతుంది.

ఇక గొడ్లని పెంచడం. గడ్డి కొద్దీ గొడ్డు, ఇది మర్చిపోవద్దు. కంచెలు వేసిన మొదటి వానాకాలంలో గడ్డి మోకాలి దాకా లేచేసరికి ఆశ పుడుతుంది, అప్పుడే కొనేస్తే ఎండాకాలంలో పాత కథే. ఒక ఏడాది పూర్తిగా, అన్ని కాలాలూ గడిచాక, మడుల్లో మొదలు మీరనుకున్న ఎత్తున మిగిలి, గొడ్లు వొళ్లు తగ్గకుండా ఉన్నాయంటే పదింటికి ఒకటి లెక్కన పెంచండి, మళ్లీ ఏడాది చూడండి. కొనే ముందు ఇంకో లెక్క కూడా చూసుకోండి. 50 ఆవులు 18 నెలలకోసారి ఈనితే ఏడాదికి 33 దూడలు. అవే 13 నెలలకోసారి ఈనితే 46. ఒక్క ఆవు కూడా అదనంగా బీడు మీద పడకుండానే 13 దూడలు పెరిగాయి. ఈనే ముందు రెండు నెలలూ ఈనిన తర్వాత మూడు నెలలూ మంచి మేత, ఖనిజ లవణం పెట్టి, ఎద గుర్తించి, కట్టని ఆవుని ఏళ్ల తరబడి మేపకుండా ఉంటే చాలావరకు ఇది సాధ్యమే. పాలిచ్చే వాటినీ ఎదిగే దూడల్నీ మడిలోకి ముందు తోలి మేలైన ఆకు తిననిచ్చి, వట్టిపోయిన వాటిని వెనక తోలడం కూడా బాగా పనిచేస్తుంది. అప్పుడు మాత్రం రెండు గుంపులూ కలిపి ఆ మడిలో ఉండే రోజులు మూడు దాటకూడదు.

ఎండాకాలానికి మేత లెక్క ఇప్పుడే వేసుకోండి. 30 గొడ్లు, 10 కిలోలు, 90 రోజులు, మొత్తం 27 టన్నుల ఎండు మేత. అంతా దాచక్కర్లేదు, మడుల్లో నిలబెట్టిన గడ్డి కొంత, వానల్లో మిగిలింది కోసి ఎండేసింది కొంత, నీటి వసతి ఉన్న ఒక ముక్కలో నేపియర్ గడ్డి పెట్టి కోసి పెట్టేది కొంత, సైలేజీ (గాలి తగలకుండా పులియబెట్టిన పచ్చిమేత) కొంత. సైలేజీకి గడ్డి కాసేపు వాడనిచ్చి, చిన్నగా నరికి, గాలి లేకుండా తొక్కి తొక్కి కప్పెయ్యాలి, తొక్కడంలో బద్ధకిస్తే బూజు పడుతుంది.

అయినా చాలని ఏడాది వస్తుంది. దానికి ముందే ఒక తేదీ పెట్టుకోండి, ఆ తేదీకి వాన పడకపోతే గొడ్లని తగ్గించాలి అని. ముందు కట్టని ఆవులు, తర్వాత ముసలివి, తర్వాత పాలు మాన్పించిన కోడెదూడలు, చూడివి మాత్రం ఆఖరు. అందరూ అమ్మే రోజుకి ముందే, వొళ్లున్నప్పుడే అమ్మండి. మిగిలిన వాటిని ఒకే ఒక మడిలో పెట్టి దాచిన మేత అక్కడే వెయ్యండి, ఆ మడి ఎలాగూ మట్టయిపోతుంది, దాన్ని తర్వాత బాగుచేసుకోవచ్చు. మిగతా మడుల గేట్లు మాత్రం వాన పడగానే తియ్యొద్దు. మొదటి చిగురు దాచుకున్న బలంతో వచ్చింది, దాన్ని కొరకనిస్తే దుబ్బే పోతుంది. కర్ర మీద గీత దాకా లేచాక అప్పుడు తోలండి.